గీత కింద లెక్క

మొన్న శనివారం నా బిడ్డ చదివే బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. ఊరవతల పూర్ణలో నేను చేసే గోడౌన్ డ్యూటీకి సెలవు చెప్పి మరీ వెళ్ళాను. టీచరమ్మ తలా ఒక కాగితం ఇచ్చింది. అందులో రెండు గళ్ళు. ఏడాది చివర ఒకే పెద్ద పరీక్ష పెట్టి, తప్పినవాళ్ళను అదే తరగతిలో ఉంచాలా? లేక రోజూ పిల్లలు చేసే పని చూసి ఏడాది పొడవునా మార్కులు వేస్తూ పోవాలా? ఏది మంచిదనిపిస్తే దానికి టిక్కు పెట్టి సోమవారం పంపమంది.

వెనక బెంచీలోంచి ఒకాయన లేచాడు. "పరీక్షనే ఉండాలె మేడం. ఫేలయితమన్న భయముంటెనే పోరలు సదువుతరు. మేం దెబ్బలు తినలేదా? సచ్చినమా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. కానీ నా పెదవులు వాటంతటవే కదిలాయి, చప్పుడు లేకుండా. పక్కనున్నామె మోచేత్తో పొడిచి, "ఏందక్కా, మంత్రాలు సదువుతున్నవా?" అంది.

మంత్రాలు కాదు. అది మా కార్ఖానా భాష. ఆ భాష మాట్లాడినందుకే మా అక్క చదువు ఆగిపోయింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచి వచ్చేశాను.

మా గల్లీ ఇప్పుడు చూస్తే ఎవరూ నమ్మరు. పావురం రెక్క కొట్టుకుంటే వినపడేంత నిశ్శబ్దం. సాంచాలన్నీ పోయాయి. సాంచా అంటే మరమగ్గం, మావాళ్ళు అలాగే అంటారు. కొత్త రకం మిషన్లు వచ్చాక పాతవాటిని సమ్మెటలతో పగలగొట్టి, తుక్కు కింద లారీలకెత్తారు. దెబ్బదెబ్బకూ ఇనుము అరిచింది. మా బాపు, అంటే మా నాన్న, గడపలో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూశాడు. ఆ చప్పుడు లేక ఆయనకు ఇప్పటికీ సరిగ్గా నిద్ర పట్టదు.

నా చిన్నప్పుడు మేముండే ఒంటిగది ఖోలీకి, కార్ఖానాకు మధ్య ఒకటే గోడ. అవతల ముప్పై సాంచాలు. ప్రతి సాంచాలో అడ్డపోగును మోసే నాడె అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ ఫట్ ఫట్ ఫట్ మని కొట్టుకుంటూనే ఉంటుంది. మా గోడ అదిరేది. గిన్నెలో పచ్చిపులుసు వణికేది. అవ్వ, అంటే మా అమ్మ, సర్వపిండి పెనం మీద ఒత్తుతుంటే ఆ అదురుకు పెనమే కొంచెం కొంచెంగా పొయ్యి అంచుకు జరిగేది. అన్నంలో దూదిపోగు రాని రోజు లేదు. మా బట్టలకూ, జుట్టుకూ, ఆఖరికి దేవుడి పటానికీ అదే వాసన, మగ్గం నూనె, గంజి పట్టిన నూలు, చెమట కలిసిన వాసన. ఇప్పుడు ఏ బస్సులోనైనా ఆ వాసన తగిలితే నాకు ఒకేసారి ఆకలీ భయమూ వేస్తాయి.

అంత చప్పుడులో నోరు చించుకుని అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకే కార్ఖానాలో ఎవరూ అరవరు. పెదవులు సాగదీసి, గొంతు లేకుండా మాట్లాడతారు. దానికి తోడు చేతులు. రెండు వేళ్ళు విడదీస్తే పోగు తెగిందని. అరచేత్తో నెత్తి తడితే సేఠు వస్తున్నాడని. ఎవరినైనా పిలవాలంటే వీపు మీదికి నూలు చుట్టే ఖాళీ కండె ఒకటి విసరాలి. మా బాపు చెవులు అప్పటికే సగం పోయాయి. ఇంట్లో కూడా మా మూతులు చూసే మాట వినేవాడు. అక్కా నేనూ ముందు ఆ భాషే నేర్చుకున్నామేమో! రాత్రి అన్నాల దగ్గర బాపు తల వంచుకుని ముద్ద కలుపుతుంటే, ఆయన ఎదురుగానే పెదవులతో ఆయన్నే తిట్టుకునేవాళ్ళం. ఆయన టక్కున తలెత్తితే చచ్చామే అనుకుని పచ్చిపులుసు జుర్రేవాళ్ళం. బడిలో సార్ల మీద కూడా అంతే. సారు బోర్డు వైపు తిరగ్గానే అక్క చెప్పేది, "సారు లుంగి మీద ప్యాంటు తొడిగిండే". నేను నోట్లో చున్నీ కుక్కుకునేదాన్ని.

అక్క నాకంటే ఏడాది పెద్ద. చెప్పొద్దూ, దాని చేతుల్లో ఏదో ఉంది. అగ్గిపుల్లలూ దారమూ పెట్టి సాంచా బొమ్మ చేస్తే నాడె నిజంగా అటూ ఇటూ జారేది. లెక్కలు నోటితో అడిగితే మనం వేళ్ళు మడిచేలోపు చెప్పేసేది. వలస వచ్చిన మావాళ్ళ కోసం పెట్టిన తెలుగు బడి మాది. ఎనిమిదో తరగతి దాకా అందులో ఎవరినీ ఫేలు చెయ్యకూడదని రూలు. ఏడాదంతా పిల్లలు చేసిన బొమ్మలు, పాడిన పాటలు, నోటు పుస్తకాలు చూసి మార్కులు వెయ్యాలి. అక్కకు ఎప్పుడూ మంచి మార్కులే. ఆ మార్కులు వేసే పద్ధతి ఎలా ఉండేదంటే, ఆఖరి వారంలో సార్లంతా ఒక గదిలో కూర్చుని, మాతో చాయ్, ఖారీ బిస్కెట్లు తెప్పించుకుని, ఖారీ పొడి రాలుతుండగా ఒకే పూటలో ఏడాది మొత్తం నింపేసేవాళ్ళు. నేనే ఎన్నోసార్లు చాయ్ పట్టుకెళ్ళాను. ఒకసారి లెక్కల సారు, "నీకేం గావాల్నే? అ ఒకటా, అ రెండా?" అని నన్నే అడిగాడు. అది గ్రేడు కాదు, ఏదో స్వీటు పంచుతున్నట్టు!

అచ్చు కాగితం ముందు పెడితే అక్క చేతులు వణుకుతాయన్న సంగతి ఆ ఎనిమిదేళ్ళలో ఒక్కరు కూడా కనిపెట్టలేదు. ఏదైనా రాసేది, దాన్ని నమ్మేది కాదు. కొట్టేసేది, మళ్ళీ రాసేది, చివరికి ఖాళీగా ఇచ్చేది.

తొమ్మిదిలో మొదటిసారి అసలు పరీక్ష వచ్చింది. అక్క నాలుగు సబ్జెక్టుల్లో తప్పింది.

ఆ రోజు బాపు కార్ఖానా నుంచి తోలు పట్టా తెచ్చాడు. మగ్గంలో నాడెను విసిరికొట్టే కర్రకు కట్టే పట్టా అది, నూనె తాగి నల్లగా, మందంగా ఉంటుంది. ఏమీ అడగలేదు. కొట్టడం మొదలుపెట్టాడు. సాంచా కొట్టినట్టే కొట్టాడు, ఎడం నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, ఆగకుండా. అవతల చప్పుడులో అక్క అరుపు నాకు వినపడలేదు. నోరు తెరుచుకుని ఉండటం మాత్రం కనిపించింది. అవ్వ మధ్యలోకి దూరి తన మోచేతి మీద రెండు తిని, పట్టా చివర రెండు చేతులతో పట్టుకుంది.

"ఎనిమిదేండ్లు అ ఒకటి, అ ఒకటి అని తెచ్చింది గదనే! అండ్ల ఒక్కటన్న నిజమున్నదా? నన్ను ఇన్నేండ్లు పిచ్చోన్ని జేసింది!" అని బాపు అరిచాడు.

"అది ఇయ్యలే, బడోల్లు ఇచ్చిన్రు. గా సార్లను కొట్టు పో, చాతనైతే!" అంది అవ్వ.

బాపు పట్టా విసిరేసి, ఊపిరి ఆడక గోడకు ఆనుకున్నాడు. తర్వాత అక్కను చూసి ఒకే మాట చెప్పాడు. "ఇంకొక్క ఏడు. మల్ల ఫేలైనవా, కండెల మిషిను మీద కూసుంటవ్. గంతే."

అక్కకు చిన్న పిల్లల బాలవాడీలో టీచరు కావాలని ఉండేది. మా గల్లీ చివర్లోనే ఉండేది ఆ బాలవాడీ. అక్కడి టీచరమ్మ, "పదో తరగతి పాసై రా, నా పక్కన కూసోవెట్టుకుంట" అని మాటిచ్చింది. పదికి పోవాలంటే తొమ్మిది దాటాలి. అంతే కథ. అలా ఆ ఏడాది అక్కా నేనూ ఒకే తరగతిలో పడ్డాం.

ఆ చలికాలంలో ఒక సాయంత్రం జరిగింది చెప్పాలి. బాపు పక్క సాంచాల మీద పనిచేసే ఆయనకు నాడె ఎగిరి తగిలింది. నాడెకు రెండు కొసలా ఉక్కు మొనలుంటాయి. ఎగిరిందంటే తుపాకీ గుండు కింద లెక్క. ఆయన దవడ చీలింది, రెండు పళ్ళు గుడ్డ మీద పడ్డాయి. బాపు తన సాంచాలు వదిలి పరుగెత్తి, తలపాగా విప్పి ఆయన నోట్లో కుక్కి, ఆటో ఎక్కించి వచ్చాడు. ఈ లోపల బాపు సాంచా మీద ఒక పోగు తెగింది. చూసేవాళ్ళు లేరు. సాంచా ఆగలేదు. టాకా చివర దాకా, అంటే చుట్ట మొత్తం గుడ్డలో, దువ్వెన పన్ను విరిగినట్టు ఒక సన్నటి గీత.

మర్నాడు సేఠు తరఫున గుడ్డ చూసి తీసుకునే మెహతా ఆ టాకాను విప్పి, చూసి, మళ్ళీ చుట్టి, అందరి ముందూ బాపు మొహాన కొట్టాడు. అంత బరువు చుట్ట. బాపు ముక్కు నుంచి రక్తం కారింది. నేను చాయ్ డబ్బా పట్టుకుని అక్కడే ఉన్నాను. బాపు ముందు ముక్కు తుడుచుకోలేదు, గుడ్డ మీద రక్తం పడుతుందని చుట్టను పక్కకు జరిపాడు.

ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. "తెగినప్పుడు చెప్పేటోడు లేడు. అంత అయినంక మొకం మీద కొడ్తరు, లంజకొడుకులు" అన్నాడు. సరిగ్గా అప్పుడే అక్క పోయి, "బాపూ, లెక్కల పరీక్షకు కంపాస్ పెట్టె గావాలె" అని అడిగింది. దాని తలరాత! బాపు లేచి చెంప మీద కొట్టిన దెబ్బకు అది బియ్యం డబ్బా మీద పడింది, నుదురు బొప్పి కట్టింది. మరునాడు పొద్దున మేం లేచేసరికి అక్క పుస్తకాల మీద కొత్త ఇనప కంపాస్ పెట్టె ఉంది. బాపు మా వైపు చూడకుండా చొక్కా వేసుకుని పనికి పోయాడు.

ఆ పెట్టె మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఎండాకాలం. ఆఖరి పరీక్ష లెక్కలది. అక్క మిగతావన్నీ ఎలాగో గట్టెక్కింది, అన్నిట్లో వణుకుతూనే. పొద్దున అవ్వ మాకు పెరుగన్నం పెట్టి, అక్క రెండు చేతులూ తన చేతుల మధ్య పెట్టి రుద్దింది, చలికాలంలో రుద్దినట్టు. దారిలో అక్క నన్ను ఆపింది.

"ఏమే, నాకు భయమైతాంది. రాసినంక గది రైటో తప్పో తెలుస్తలేదు. నువ్వు జర చెప్పవా?"

"ఎట్ల చెప్పాలె? లెక్కల సారు కాపలుంటడు. తోలు తీస్తడు."

అక్క చుట్టూ చూసి, గొంతు లేకుండా పెదవులతో అంది. "గిట్ల."

నాకు ఒళ్ళంతా ఝల్లుమంది. పరీక్ష హాల్లో సాంచాల భాష! ఎవడు పట్టుకుంటాడు? మేం ఆ రోజు దాకా చేసిన అల్లరి అంతా దీని ముందు ఎంత?

నాది గోడ పక్క బెంచీ. గోడకు వీపు ఆనించి కాస్త పక్కకు తిరిగి కూర్చున్నాను. అటువైపు వరసలో, నాకు రెండు బెంచీల వెనక అక్క. తలెత్తితే నా మొహం కనపడుతుంది. లెక్కల సారు వాకిలి దగ్గర బల్ల మీద బెత్తం పెట్టుకుని పేపరు చదువుతున్నాడు. ఫ్యాను లేదు. కిటికీలోంచి దూరపు సాంచాల చప్పుడు గుండె కొట్టుకున్నట్టు వస్తోంది.

అక్క ఐదు వేళ్ళు చూపింది, ఐదో లెక్క. ఎనిమిది మంది పదిహేను రోజుల్లో చేసే పనిని పన్నెండు మంది ఎన్ని రోజుల్లో చేస్తారు? నేను అప్పటికే చేసేశాను. పెదవులు సాగదీసి చెప్పాను: "ఇరువై రెండున్నర." అక్క కనుబొమలు ముడిచింది. నేను మళ్ళీ గట్టిగా చెప్పాను, అంటే పెదవులు ఇంకా సాగదీసి. అది తల వంచుకుని, రాసినదాని మీద గీత గీసి, నేను చెప్పింది రాసింది. తర్వాత ఏడో లెక్క. మళ్ళీ గీత. నాకైతే ఎంత గర్వమంటే, దీన్ని నేనే పదో తరగతికి మోసుకుపోతున్నాననుకున్నాను.

పన్నెండు వేళ్ళు ఎలా చూపాలా అని అది తంటాలు పడుతుంటే నేను నవ్వు ఆపుకుని సారు వైపు చూశాను. పేపరు బల్ల మీదికి దిగింది. సారు నన్నే చూస్తున్నాడు. ఆయన పెదవులు కదిలాయి. గొంతు లేదు. సాగదీసిన పెదవులు, అచ్చం మా బాపు లాగా.

"పన్నెండు మంది అస్తే పని దినాలు పెరుగుతయా, తగ్గుతయా?"

సారుకు మా భాష వచ్చు! దాని వెంటనే రెండో పిడుగు. తగ్గుతాయి. తగ్గుతాయి కదా! సాంచాల మధ్య పుట్టినదాన్ని, మనుషులు పెరిగితే పని తొందరగా అవుతుందని తెలియనిదాన్నా? పది రోజులు.

అక్క కూడా సారు పెదవులు చదివింది. ఒక్క క్షణం కాగితం చూసింది. గబగబా ఐదో లెక్క దగ్గరికి పెన్ను పోనిచ్చింది. అప్పటికే సారు బెత్తంతో వచ్చేశాడు. కాగితం పట్టి లాగాడు.

"సార్, రొండు నిమిషాలు! ముందు రాసింది రైటే సార్! నేను మల్ల రాస్త!"

"విడువు!"

అక్క విడవలేదు. బెత్తం దాని వేళ్ళ మీద పడింది. అయినా విడవలేదు. ఇంకోటి పడింది. మా అక్క, ఎవరైనా గట్టిగా చూస్తే తల దించుకునే మా అక్క, వంగి సారు చేతిని కొరికింది. పళ్ళు దిగేదాకా కొరికింది. సారు కేక పెట్టి, ఇక చూసుకోకుండా కొట్టాడు. వీపు మీద, పిక్కల మీద, తల మీద. బెత్తం విరిగితే విరిగిన ముక్కతో కొట్టాడు. క్లాసంతా గోడలకు అతుక్కుపోయింది. నేను అక్క బెంచీ దగ్గరికి ఉరికాను. చేతికి దాని బల్ల మీది కంపాస్ పెట్టె దొరికింది. మొత్తం బలంతో విసిరాను. సారు కనుబొమ పైన తగిలి, మూత ఊడి, స్కేళ్ళూ ములుకులూ నేల మీద చెల్లాచెదురయ్యాయి. రక్తం కన్ను మీదుగా కారింది.

బాపును పిలిపించారు.

సాంచాలు వేరేవాళ్ళకు అప్పగించి, కనుబొమల్లో దూదితోనే వచ్చాడు. అక్కా నేనూ గోడ పక్కన నిలబడి ఉన్నాం. సారు నుదుటికి చేతిరుమాలు అదుముకుని అరుస్తున్నాడు. కాపీ కొట్టారు, కొరికారు, తల పగలగొట్టారు, ఇద్దర్నీ బడి నుంచి తీసేయిస్తాను. బాపు ఆయన పెదవులు చూస్తూ విన్నాడు. నా దగ్గరికొచ్చి ఒక్కటి కొట్టాడు. నా చెవిలో సాంచా మొదలైంది. అక్క వైపు చెయ్యెత్తి, దాని పిక్కలు చూశాడు. ఉబ్బిన గీతలు, వాటి మీద రక్తపు చుక్కలు. చెయ్యి దించేశాడు.

"సార్, పోగు తెగితే మేం అప్పుడే సాంచా ఆపుతం. ముడేసి మల్ల నడుపుతం. మీరు ఎనిమిదేండ్లు ఆపకుంట నడిపిచ్చి, మంచిగున్నది మంచిగున్నదని కాయిదాలిచ్చి, ఇప్పుడు గుడ్డంత పాడైందని నా మొకాన కొడ్తున్నరా?"

వరండాలో పిల్లలు మూగారు. సారు వాళ్ళను చూశాడు. బాపును చూశాడు. ఒక్కసారిగా గొంతు ఆపేశాడు. పెదవులు మాత్రం కదిలాయి. అక్కడ అంతమంది ఉన్నా, పెదవులు కనపడేంత దగ్గరలో ఉన్నది మేం నలుగురమే.

"ఆపద్దన్నరు కాకా మమ్ముల. పైకెల్లి రూల్. పోరలను చూసెటందుకు టైం ఏడిది? ఒక్క క్లాసుల డెబ్బై మంది."

బాపు కూడా గొంతు ఆపేశాడు. "నీకు గీ మాట ఎట్లస్తది?"

"మా బాపు గూడ సాంచాలే నడిపిండు. చెవులు వోయినై. నన్ను సాంచా పట్టాతోని కొట్టి సదివిచ్చిండు."

సారు అక్క కాగితం తీసి బాపుకు చూపించాడు. "కేసు రాయను కాకా. కానీ సూడు, పెద్దది ముందు రాసింది రైటే. రొండు లెక్కలూ రైటే. గీత గీసి తప్పు రాసింది."

మా బాపుకు చదువు రాదు. కాగితం దగ్గరగా పట్టుకుని, గుడ్డలో పోగు వెతికినట్టు వెతికాడు. "గీత కింద అక్షరాలు కనవడ్తనే ఉన్నయి గద. గవ్విటికి మార్కులెయ్యి."

"గీత గీస్తే లేనట్టే కాకా."

"ఉన్నయి గదా, నాకే కనవడ్తున్నయి!"

"లేనట్టే."

ఫలితాల రోజు అక్కకు లెక్కల్లో ఇరవై తొమ్మిది. పాసుకు ముప్పై ఐదు. ఆ రెండు లెక్కలు నాలుగేసి మార్కులవి. మీరే కూడుకోండి, మేం ఆ రోజు గోడ దగ్గర నిలబడి కూడుకున్నట్టు. నేను పాసయ్యాను. ఆ రెండు తప్పులతోనే పాసయ్యాను. మిగతావన్నీ బట్టీ పట్టి ఉన్నాను కదా. పరీక్ష నాకు పనికొచ్చింది, నిజం ఒప్పుకోవాలి. భయం లేకపోతే నేను పుస్తకం ముట్టేదాన్ని కాదు. అక్కకు ఆ భయమే శత్రువైంది. ఒకే గిన్నెలో వండిన అన్నం ఇద్దరమూ తిన్నాం, ఒకే పట్టా దెబ్బలు చూశాం. అయినా అలా ఎందుకో నాకు తెలియదు.

ఆ రోజు బాపు పట్టా తెచ్చాడు. మేం గోడకు అతుక్కున్నాం. అయితే ఆయన మా జోలికి రాలేదు. గోడ వైపు తిరిగి గోడను కొట్టాడు. సున్నం పెళ్ళలు ఊడేదాకా, భుజం పట్టేసేదాకా కొట్టాడు. అవ్వ నా తల తన కడుపులో దాచింది. కొట్టీ కొట్టీ, "రేపటికెల్లి కండెల మిషిను" అన్నాడు. అన్న మాట అన్నట్టే చేశాడు.

నన్ను కొట్టింది అక్క.

నీళ్ళు పట్టుకోవడానికి మెట్ల కింద కుళాయి దగ్గరికి వెళ్ళాం. బిందె కింద పెట్టి, వెనక్కి తిరిగి, చెంప పగిలేలా కొట్టింది. అంతకు ముందెప్పుడూ అది నన్ను గిల్లను కూడా గిల్లలేదు. పెదవి పళ్ళకు తగిలి చీలింది.

"నాకు గా లెక్కలు అచ్చునే! నాకు అచ్చు! రాసిన గదనే! మల్ల నీ మూతి దిక్కు ఎందుకు సూసిన నేను?"

అది నా మీద కోపమో తన మీదో అప్పుడు తెలియలేదు. నోట్లో రక్తం ఉప్పగా ఉంది. బిందె నిండి పొర్లింది. తర్వాత అది తన చున్నీ తడిపి నా పెదవి తుడిచింది.

నేను పది పాసై, అక్కడితో ఆపేసి, గోడౌన్ పనికొచ్చాను. అక్కడ మా చేతుల్లో స్కానర్లుంటాయి. గంటగంటకూ ఎవరెన్ని డబ్బాలు స్కాన్ చేశారో తెర మీద కనపడుతుంది, తక్కువైతే పేరు ఎర్రబడుతుంది. రోజూ చూడటమంటే ఇది కూడా రోజూ చూడటమే. కానీ అది నన్ను చూడదు, నా డబ్బాలనే చూస్తుంది. అందుకేనేమో, ఆ కాగితంలో ఏ గడి చూసినా నా పెన్ను ముందుకు పోలేదు.

ఆదివారం అక్క దగ్గరికి వెళ్ళాను. మా వైపు మిగిలిన రెండు మూడు పాత కార్ఖానాల్లో ఒకదాని వెనక, కండెల మిషను మీద ఇప్పటికీ అదే పనిలో ఉంది. పని మధ్యలో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పుతుంది, నేల మీద నూలు పోగులతో రాసి. తప్పు పడితే ఒక పోగు జరుపుతుంది, అంతే. జుట్టు అక్కడక్కడా తెల్లబడిందా, దూది పడిందా తెలియలేదు. ఎదురుగా నిలబడి ఒక ఖాళీ కండె తీసి దాని భుజం మీదికి విసిరాను. తలెత్తి నవ్వింది.

కాగితం చూపించి, చప్పుడులో పెదవులతో అంతా చెప్పాను. ఏడాది చివర పరీక్షా, రోజువారీ మార్కులా. నా బిడ్డకు ఏది మంచిది? ఏం రాయాలె?

అది కాగితం అటూ ఇటూ తిప్పి చదివింది. దాని చెయ్యి కండె మీద ఆడుతూనే ఉంది. ఒక పోగు తెగింది. నన్ను చూస్తూనే వేళ్ళతో ముడేసింది. తర్వాత పెదవులు సాగదీసి, నెమ్మదిగా, నాకు ఒక్క ముక్క కూడా తప్పకుండా చెప్పింది.

"ఏదన్న వెట్టుకోమను. గీత గీసింది గూడ సదువుమను."

రెండు గళ్ళూ వదిలేశాను. కింద ఖాళీలో, దాని మిషను మీదే కాగితం పెట్టి, అది చెప్పిన మాటే తెలుగులోనే రాశాను. మిషను అదురుకు అక్షరాలు వంకరపోయాయి. మధ్యలో ఒక మాట తప్పు పడింది. దాని మీద గీత గీశాను, ఒక్కటే సన్నటి గీత, కింద ఏముందో కనపడేలా.